కొత్తగా ఫిల్మ్ వేసిన కిటికీ: 30 రోజుల లెక్క హైదరాబాద్‌లో ఎందుకు తప్పుతుంది

కిటికీ అద్దాలకు సన్ ఫిల్మ్ వేసేవాళ్లు పని ముగించి వెళ్లేటప్పుడు దాదాపు అందరూ ఒకే మాట చెబుతారు: నెల రోజులు ముట్టుకోకండి, బుడగలు వాటంతటవే పోతాయి. వారంటీ కార్డు మీదా అదే అంకె, 30 రోజులు. అంకె తప్పేమీ కాదు. కాకపోతే అది ఏ కాలానికి, ఇంట్లో ఏ దిక్కు కిటికీకి అన్నది కార్డు చెప్పదు. మే నెలలో మియాపూర్‌లో పడమటి బెడ్‌రూమ్‌కి వేసిన ఫిల్మ్ రెండు వారాలు తిరక్కుండానే తేటపడొచ్చు. అదే ఫిల్మ్‌ని ఆగస్టులో, అదే ఫ్లాట్‌లో, డక్ట్ వైపు, అంటే బ్లాకుల మధ్య వదిలిన ఇరుకు సందు వైపు తెరుచుకునే గదికి వేస్తే నెలన్నర దాటినా మసక వదలకపోవచ్చు. ఫిల్మ్‌లోనూ తేడా లేదు, పనితనంలోనూ తేడా లేదు. అయినా రెండో గది విషయంలోనే ఫోన్ల మీద ఫోన్లు, గొడవ.

అసలు ఫిల్మ్ కింద ఏం జరుగుతుందో తెలిస్తే ఈ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది. ఫిల్మ్ అంటే పలుచటి పాలిస్టర్ షీటు. ఎండ కోసం ఇళ్లలో వేసేది సాధారణంగా 2 మిల్ మందం, అంటే సుమారు 50 మైక్రాన్లు. గది వైపు ఉండే ముఖానికి గీతలు పడకుండా గట్టి పూత, అద్దం వైపు అక్రిలిక్ గమ్. ఆ గమ్ పొడి అద్దానికి తగిలితే ఎక్కడ తగిలితే అక్కడే పట్టేస్తుంది, మళ్లీ జరపడానికి వీలుండదు. అందుకే అద్దం మీదా, గమ్ మీదా సబ్బు నీళ్లు కొడతారు. చాలామంది ఆ సీసాలో నాలుగు చుక్కల బేబీ షాంపూ కలుపుతారు. ఫిల్మ్ ఆ నీటి మీద జారుతుంది కాబట్టి అటూ ఇటూ సర్ది, కొలతకు కోసి, రబ్బరు వైపర్‌తో నీళ్లను అంచులకు లాగేస్తారు. ఎంత చెయ్యి తిరిగినవాడు లాగినా పలుచగా ఒక నీటి పొర మిగిలే తీరుతుంది.

ఆ మిగిలిన నీళ్లు పాలిస్టర్ గుండా ఆవిరై కొద్దికొద్దిగా పోవాలి, కొంత అంచుల నుంచి పోవాలి. అవి పోయిన కొద్దీ గమ్ అద్దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. అంటే వేసిన రోజున ఫిల్మ్ అద్దానికి ఇంకా పూర్తిగా అంటుకోలేదు, నీటి పొర మీద ఆనుకుని ఉందంతే. జాగ్రత్తలన్నీ ఈ ఒక్క సంగతి నుంచే వస్తాయి.

మందం పెరిగితే ఆవిరికి దారి కష్టమవుతుంది. 2 మిల్ ఫిల్మ్‌కి నెల అనుకుంటే 4 మిల్‌కి రెండు నెలలు, పగిలినా అద్దం చెదిరిపోకుండా పట్టి ఉంచే 7, 8 మిల్ సేఫ్టీ ఫిల్మ్‌కి మూడు నాలుగు నెలలు పట్టడం మామూలే. అద్దంలా మెరిసే మిర్రర్ ఫిల్మ్‌లో లోహపు పూత ఉంటుంది, అది కూడా ఆవిరిని ఆపుతుంది. బాల్కనీ తలుపుకి సేఫ్టీ ఫిల్మ్, పక్క కిటికీకి మామూలు సన్ ఫిల్మ్ ఒకే రోజు వేయించుకుని, కిటికీ తేటపడింది కదా తలుపు ఎందుకు పడలేదని అడిగితే జవాబు మందంలోనే ఉంది.

ఇక ఊరి సంగతి. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ గాలి పొడిగా ఉంటుంది, మధ్యాహ్నం ఉష్ణోగ్రత 40 డిగ్రీల దాకా పోతుంది. ఫిల్మ్ ఆరడానికి ఇంతకంటే మంచి కాలం లేదు. కానీ వేయడానికి మాత్రం ఇదే కష్టకాలం. ఎండకు కాలిన అద్దం మీద సబ్బు నీళ్లు వైపర్ అందుకునేలోపే ఆరిపోతాయి, గమ్ అక్కడక్కడ ముందే పట్టేసి చారలు మిగులుతాయి. అందుకే ఎండాకాలంలో పడమటి కిటికీలు పొద్దున, తూర్పు కిటికీలు మధ్యాహ్నం దాటాక చేయించుకోవడం మేలు. జూన్ రెండో వారానికి వానలు మొదలయ్యాక లెక్క తిరగబడుతుంది. వేయడం సులువు, ఆరడం ఆలస్యం. గాలిలోనే తేమ నిండి ఉంటే ఫిల్మ్ కింది తేమ ఎక్కడికి పోతుంది? డిసెంబరు, జనవరిలో గాలి పొడిగానే ఉన్నా రాత్రులు 15 డిగ్రీల దగ్గరికి దిగుతాయి కాబట్టి ఆరుదల నెమ్మదిగా సాగుతుంది, అయినా వానాకాలమంత మొండిగా కాదు.

దిక్కు సంగతి ఇంకా ఆసక్తికరం. వాస్తు కోసం దిక్కులు చూసే ఇళ్లలో ఫిల్మ్ కోసం ఎవరూ చూడరు. హైదరాబాద్ దాదాపు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఏటా జీరో షాడో డే అని వార్తల్లో వచ్చేది ఇదే. ఈ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు. కాబట్టి మే, జూన్ నెలల్లో దక్షిణపు కిటికీకి నేరుగా ఎండ దాదాపు తగలదు, ఉత్తరపు కిటికీకి ఉదయం, సాయంత్రం ఏటవాలుగా కాస్త తగులుతుంది. డిసెంబరులో కథ పూర్తిగా వేరు. మధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తు దాటడు, దక్షిణపు గదుల్లోకి ఎండ లోపలిదాకా వస్తుంది. అంటే దక్షిణం కిటికీకి ఫిల్మ్ వేయించడానికి, అది చక్కగా ఆరడానికి చలికాలమే అనువు. పడమర కిటికీ సాధారణంగా త్వరగా ఆరుతుంది. నాలుగు వైపులా ఒకేసారి వేయించుకుని అన్నీ ఒకేసారి తేటపడాలనుకోవడం కుదిరే పని కాదు.

మొదటి వారంలో కనిపించే వాటిలో ఏది నీళ్లు, ఏది లోపం అన్నది తేల్చుకోవడమే అన్నిటికంటే ముఖ్యం. సాయంత్రం ఐదు గంటలకు పడమటి కిటికీ ముందు కాస్త పక్కకు నిలబడి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. ఏటవాలు ఎండలో నీటి పొర పాలు కలిపిన నీళ్లలా, అంచులు తేలని మచ్చలుగా కనిపిస్తుంది. వైపర్ లాగిన దిశలోనే సన్నని చారలు ఉంటాయి. కొన్నిచోట్ల చిన్న చిన్న నీటి బుడగలు గుంపుగా ఉంటాయి. ఇవన్నీ పోయేవే. వారం వారం చిన్నవవుతూ, ఒక్కోసారి ముందు పెద్ద బుడగ నాలుగు చిన్నవిగా విడిపోయి మరీ పోతాయి. దుమ్ము రేణువు అలా కాదు. చుట్టూ ఫిల్మ్ చిన్న గుడారంలా లేచి, మధ్యలో నల్లగానో గోధుమ రంగులోనో చుక్క ఉంటుంది. అది నెల తర్వాతా అంతే, ఏడాది తర్వాతా అంతే. మడత గీత, గోటితో నొక్కినట్టుండే అర్ధచంద్రాకారపు గుర్తు, అంచు దగ్గర వేలిలా లోపలికి చొచ్చుకొచ్చిన గాలి కూడా ఆరితే పోయే రకాలు కావు. అంచు చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల ఖాళీ మాత్రం లోపం కాదు. నీళ్లు లాగేయడానికి, ఫిల్మ్ అంచు రబ్బరు బీడింగ్ మీదికెక్కి లేవకుండా ఉండడానికి కావాలనే వదులుతారు.

అనుమానం ఉన్న చోట అద్దం మీద చెయ్యి వేయకుండా చేయగల పని ఒకటుంది. వారానికోసారి, రోజులో ఒకే వేళకి, ఒకే చోట నిలబడి ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోవడం. చిన్నదవుతున్నదంటే అది నీళ్లు, ఉన్నది ఉన్నట్టే ఉంటే లోపం. ఫిల్మ్ వేసినవాళ్లతో మాట్లాడేటప్పుడు అరుపులకంటే నాలుగు ఫోటోలు బాగా పనిచేస్తాయి. అయితే గాజుకి ముక్కు ఆనించి దుమ్ము వెతకడం కూడా న్యాయం కాదు. అంతర్జాతీయ విండో ఫిల్మ్ సంఘం పెట్టిన తనిఖీ పద్ధతి ప్రకారం గది లోపల సుమారు రెండు మీటర్ల దూరంలో, అద్దానికి ఎదురుగా నిలబడి, పగటి వెలుతురులో చూడాలి. అది కూడా ఆరడానికి సమయం ఇచ్చాకే. నివాసపు ఇంట్లో వేసే ఫిల్మ్ కింద ఒక్క రేణువు కూడా ఉండకూడదనడం అత్యాశే. సీలింగ్ ఫ్యాన్ ఆపకుండా పని చేయించారంటే మరీనూ.

దుమ్ము మాట వచ్చింది కాబట్టి కోకాపేట, తెల్లాపూర్, నల్లగండ్ల వైపు కొత్త ఫ్లాట్ల సంగతి చెప్పుకోవాలి. అక్కడ ఫిల్మ్‌కి జరిగే నష్టంలో చాలావరకు తొందరవల్లే. గృహప్రవేశానికి ముహూర్తం దగ్గర పడుతుంది, వడ్రంగి పని ఇంకా నడుస్తూనే ఉంటుంది, పక్క గదిలో గ్రానైట్ కోస్తుంటారు, ఆ మధ్యలోనే ఫిల్మ్ వేయించేస్తారు. రెండు రోజుల తర్వాత డెకరేషన్ వాళ్లు వచ్చి బాల్కనీ స్లైడింగ్ తలుపు అద్దానికి సెలోటేపుతో బంతిపూల దండలు అతికిస్తారు. సాయంత్రం ఆ టేపు లాగితే దాంతోపాటు ఫిల్మ్ మూల కూడా లేస్తుంది, ఎందుకంటే ఆ రోజుకి టేపు జిగురే ఫిల్మ్ గమ్ కంటే బలంగా ఉంది. పెయింటర్లు అంచులకు వేసే మాస్కింగ్ టేపుతోనూ ఇదే ప్రమాదం. పెయింటింగ్, ఫాల్స్ సీలింగ్, పాలిష్ అన్నీ పూర్తయ్యాక చివరి పనిగా ఫిల్మ్ పెట్టుకోవాలి. ముహూర్తానికి కుదరకపోతే గృహప్రవేశం అయ్యాకే వేయించుకోవడం నయం. ఎండ ఇంకో పదిహేను రోజులు లోపలికొస్తే కొంప మునిగిపోదు.

ఆరాక కూడా ఫిల్మ్ మీద నేరుగా డబుల్ టేపు, అతికించే హుక్కులు, రబ్బరు కప్పుతో అంటుకునే బొమ్మలు, పిల్లల స్టిక్కర్లు పెట్టకపోవడమే మంచిది. దీపావళి లైట్లు వేలాడదీయాలంటే ఫ్రేముకి పెట్టుకోవచ్చు. స్లైడింగ్ కిటికీల్లో ఇంకో చిన్న చిక్కుంది. లోపలి పలక జరిపినప్పుడు దాని అంచున ఉండే మెత్తటి బ్రష్ బయటి పలక లోపలి ముఖాన్ని రాసుకుంటూ పోతుంది, ఫిల్మ్ ఉండేది సరిగ్గా ఆ ముఖం మీదే. కాబట్టి మొదటి కొన్ని రోజులు ఆ పలకను అదేపనిగా జరపకుండా వదిలేయాలి.

బుడగను వేలితో నొక్కి అంచుకి తోయడం, సూదితో పొడవడం, ఏటీఎం కార్డుతో గీకడం, హెయిర్ డ్రయ్యర్ పెట్టడం లాంటివి ఇళ్లలో ఎక్కువగా చేసే పనులు. నొక్కితే నీళ్లు పోవు, మెత్తగా ఉన్న గమ్ చెదిరి అక్కడ శాశ్వతంగా గుర్తు పడుతుంది. సూది పొడిస్తే ఆ చిల్లు చుట్టూ మురికి చేరి, పోయే బుడగ కాస్తా పోని మచ్చవుతుంది. డ్రయ్యర్ ఒకే చోట వేడి పెడుతుంది, ఫిల్మ్ ముడుచుకోవచ్చు, అద్దానికీ మంచిది కాదు.

మొదటి నెలలో లోపలి వైపు తుడవకూడదు అంటారు. బయటి వైపు మాత్రం నిక్షేపంగా తుడుచుకోవచ్చు, ఫిల్మ్ ఉన్నది లోపల కదా. పావురాల రెట్టల నగరంలో ఇది గుర్తుంచుకోదగ్గ సంగతే. నీళ్లు కుమ్మరించి ఫ్రేములోకి దిగేలా కడగకపోతే చాలు. సమస్య ఎక్కువగా దసరా, దీపావళి ముందు ఇల్లు దులిపేటప్పుడు వస్తుంది. సెప్టెంబరులో వేసిన ఫిల్మ్ వానలకు ఇంకా ఆరనేలేదు, పనమ్మాయి అలవాటు ప్రకారం న్యూస్ పేపర్ ఉండ చుట్టి రుద్దుతుంది, మొండి మరక కనిపిస్తే గిన్నెల పీచు అందుకుంటుంది. ఆమె తప్పేమీ లేదు, ఉత్త గాజుకి అది పనికొచ్చే పద్ధతే. ముందే చెప్పకపోవడం ఇంట్లోవాళ్ల తప్పు.

ఆరిన ఫిల్మ్‌ని శుభ్రం చేయడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ముందు నీళ్లు స్ప్రే చేసి దుమ్మును వదులు చేయాలి. పొడిగుడ్డతో మొదలుపెడితే ఆ దుమ్ములోని ఇసుక రేణువులే గీతలు పెడతాయి. తర్వాత బకెట్ నీళ్లలో గిన్నెలు కడిగే లిక్విడ్ కొన్ని చుక్కలు వేసి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, అంచు మెత్తగా ఉన్న రబ్బరు వైపర్‌తో లాగితే సరి. బజారులో దొరికే గ్లాస్ క్లీనర్ల విషయంలో కంపెనీకో మాట ఉంది. కొన్ని ఫిల్మ్‌లు అమ్మోనియాను తట్టుకుంటాయని తయారీదారులే చెబుతారు, రంగు కలిపిన చవక రకాలు తట్టుకోవు. ఏ రకమో తెలియనప్పుడు అమ్మోనియా లేనిది వాడడమే క్షేమం. పెయింట్ చుక్క పడితే బ్లేడుతో గీకడం ఉత్త గాజు మీద నడిచేది, ఇక్కడ మొదటి గీతకే ఫిల్మ్ తెగుతుంది.

హైదరాబాద్‌లో ప్రత్యేకంగా పట్టించుకోవాల్సింది నీళ్ల రకం. రాతినేల మీద తవ్విన బోర్ల నీళ్లు చాలాచోట్ల కఠినంగా ఉంటాయి. మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు కుళాయికి వచ్చే ఇళ్లలో అంత తేడా తెలియదు కానీ, బోరు మీదో ట్యాంకర్ మీదో నడిచే అపార్ట్‌మెంట్లలో షవర్ పక్క అద్దం చూస్తే చాలు, తెల్ల మచ్చలు కనిపిస్తాయి. ఆ నీళ్లతోనే ఫిల్మ్ వేస్తే నీరు ఆవిరైపోయి అందులోని లవణాలు ఫిల్మ్ కింద మిగిలిపోతాయి. తర్వాత ఎంత తుడిచినా పోయేది కాదు, ఎందుకంటే అది గుడ్డ అందే వైపు లేదు. పని మొదలయ్యే ముందు స్ప్రే సీసాలోకి వంటింటి ఆర్‌ఓ నీళ్లో 20 లీటర్ల క్యాన్ నీళ్లో ఇవ్వడం పైసా ఖర్చు లేని జాగ్రత్త. దీన్ని అడిగే ఇల్లు అరుదు, అడక్కుండా చేసే పనివాళ్లు ఇంకా అరుదు. తర్వాత తుడిచేటప్పుడు కూడా వైపర్ ఆపకుండా లాగి, చుక్కలు ఆరిపోకముందే అంచులు ఒత్తేయాలి.

కొన్నాళ్లకు అద్దమే పగిలితే? అరుదు, కానీ జరుగుతుంది. ఫిల్మ్ కొంత వేడిని పీల్చుకుంటుంది కాబట్టి అద్దం మధ్యభాగం మునుపటికంటే ఎక్కువ వేడెక్కుతుంది, ఫ్రేములో దాగిన అంచు చల్లగానే ఉంటుంది. ఆ తేడా మరీ ఎక్కువైతే, అంచున కోతప్పుడు పడిన చిన్న పెచ్చు ఉంటే, అక్కడి నుంచి బీట మొదలవుతుంది. ఈ రకం బీట అంచుకి నిటారుగా బయల్దేరుతుంది, రాయి తగిలిన పగులులా ఒక చోటి నుంచి చుట్టూ పాకదు. వేడి చేసి గట్టిపరిచిన టఫెన్డ్ అద్దానికి ఈ భయం తక్కువ. ముదురు రంగు అద్దాలకి, రెండు పలకల మధ్య గాలి ఉండే డబుల్ గ్లేజింగ్‌కి ఎక్కువ, వాటికి పనికొచ్చే ఫిల్మ్ వేరుగా ఎంచుకోవాలి. వేయించుకున్నాక ఇంట్లో చేయగలిగింది కొంత ఉంది. పరుపులు, అట్టపెట్టెలు, బీరువా అద్దానికి ఆనించకుండా, ఏసీ గాలి నేరుగా అద్దాన్ని కొట్టకుండా చూసుకోవాలి. వానాకాలం రాత్రి ఏసీ వేసిన గదిలో పొద్దున కిటికీ మసకగా కనిపిస్తే మాత్రం కంగారు అక్కర్లేదు. ఆ తడి బయటి వైపు పట్టినది, ఫిల్మ్‌కి సంబంధం లేదు.

అమీర్‌పేట, కూకట్‌పల్లి లాంటి చోట్ల ఎదురింటి కిటికీ చెయ్యి చాపితే అందేటంత దగ్గర. అక్కడ మిర్రర్ ఫిల్మ్ వేయించుకునేది ఎండ కోసం కంటే పరదా కోసం. పగలు బయట వెలుతురు ఎక్కువ కాబట్టి బయటివాళ్లకు అద్దంలా కనబడుతుంది. రాత్రి లోపల లైటు వేస్తే లెక్క మారిపోయి లోపల ఉన్నదంతా వాళ్లకు కనిపిస్తుంది. ఇది ఫిల్మ్ చెడిపోవడం కాదు, దాని స్వభావమే అంత. రాత్రికి కర్టెన్ ఉండాల్సిందే.

కారు అద్దాలకీ ఆరే సూత్రం ఇదే, మొదటి వారం డోరు అద్దాలు దించకపోవడం ఒక్కటే అదనం. కానీ అక్కడ అసలు చిక్కు చట్టంతో. వాహనాల అద్దాల మీద ఏ ఫిల్మూ అతికించకూడదని 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు చెప్పింది. 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల మార్పు ఆధారంగా, ముందూ వెనకా 70 శాతం, పక్కల 50 శాతం వెలుతురు రానిచ్చే ప్రమాణబద్ధమైన ఫిల్మ్‌కి అడ్డు లేదని 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు అంది. ముదురు నల్ల ఫిల్మ్‌కి మాత్రం మామూలు వాహనాలకు అనుమతి లేదు.

ఇంటి ఫిల్మ్ విషయంలో కాగితాలు ఆరుదలకంటే ముందే సర్దుకోవాలి. బిల్లు మీద ఫిల్మ్ మోడల్ పేరు, రోల్ నంబరు రాయించుకోవాలి. చాలా కంపెనీలకు వారంటీ విడిగా నమోదు చేయాల్సి ఉంటుంది. డీలర్ చేశాడనుకుని అందరూ ఊరుకుంటారు, నాలుగేళ్లకు రంగు ఊదాకి తిరిగినప్పుడు చూస్తే నమోదే ఉండదు. ఫిల్మ్ నాణ్యతకు కంపెనీ జవాబుదారీ, దుమ్ము, కోత, మడతలకు వేసినవాళ్లు. నెల తర్వాత వచ్చి చూసి, లోపమున్న పలకలు మారుస్తామన్న మాట వాట్సాప్‌లోనైనా రాతలో ఉండాలి. వానాకాలంలో వేయించుకుంటే ఆ గడువును రెండు నెలలని రాయించుకోవడం ఇద్దరికీ సుఖం. ఆరకముందే వచ్చి చూసి తేల్చేదేమీ ఉండదు.

మూల లేస్తే ఫెవిక్విక్ చుక్క పెట్టే ప్రలోభం సహజం. మొదటి రెండు మూడు రోజుల్లో అయితే వేసినవాళ్లే వచ్చి మళ్లీ తడిపి లాగితే కూర్చునే అవకాశముంది. వారాలు గడిచాక ఆ గమ్‌కి అప్పటికే దుమ్ము పట్టి ఉంటుంది, మళ్లీ అంటుకోదు. జిగురు పెడితే గాజు మీద గట్టిపడిన మరక మిగిలి, రేపు తీయడానికి ఇంకా కష్టమవుతుంది. ఫిల్మ్‌కి మాసిక వేయడం కుదరదు, అతుకు గీత దూరం నుంచే కనిపిస్తుంది. ఆ ఒక్క పలక వరకు పూర్తిగా తీసి కొత్తది వేయించుకోవాల్సిందే. అదే మోడల్ దొరికేలా రోల్ వివరాలు దగ్గరుంటే పక్క పలకతో రంగు తేడా రాకుండా పని జరుగుతుంది.